ధారణా ధురీణుడు చెళ్ళపిళ్ళ

పాఠ్యభాగ ఉద్దేశం

జ్ఞాపకశక్తి పుట్టుకతో వచ్చే వరమని, అది ఏ కొందరికో మాత్రమే దక్కుతుందని చాలామంది భావిస్తారు. నూరుగురు అడిగిన నూరు పద్యాలను కాగితం, కలం లేకుండా చెప్పి, తిరిగి వరుసగా అప్పజెప్పిన అవధానిని చూసినప్పుడు ఆ భావన మరింత బలపడుతుంది. అయితే ఆ ధారణ వెనుక ఒక క్రమమైన సాధన ఉన్నది. శతావధాని చెళ్ళపిళ్ళ వేంకటశాస్త్రిగారి జీవితాన్ని ఆధారంగా చేసుకొని ఆ సాధనా స్వరూపాన్ని విద్యార్థులకు పరిచయం చేయడం ఈ పాఠం ఉద్దేశం.

పాఠ్యభాగం

ధవళేశ్వరం దిగువన గోదావరి పాయలుగా చీలి సముద్రాభిముఖంగా సాగుతుంది. గౌతమీ, వసిష్ఠ పాయల నడుమ కొబ్బరితోటలతో, వరిచేలతో, లంకలతో అలరారే భూభాగమే కోనసీమ. గౌతమి ఎడమగట్టున, కోనసీమలోని ఎదురులంకకు అభిముఖంగా యానాం పట్టణం ఉన్నది. 1954 వరకు అది ఫ్రెంచివారి పాలనలో ఉండేది. తెలుగునాట పద్యాన్ని పండితుల మందిరాల నుండి జనసామాన్యం చెంతకు చేర్చిన మహాకవి బాల్యం ఆ నదీతీరంలోనే గడిచింది. ఆయనే తిరుపతి వేంకటకవులలో ఒకరైన చెళ్ళపిళ్ళ వేంకటశాస్త్రి.

వేంకటశాస్త్రిగారు 1870 ఆగస్టు 8వ తేదీన తూర్పు గోదావరి జిల్లా కడియంలో జన్మించారు. తల్లి చంద్రమ్మ, తండ్రి కామయ్య. వారిది కవిపండిత వంశం. పూర్వులు సేకరించిన తాళపత్ర గ్రంథాలు ఇంట ఉండేవి. ధనం లేకపోయినా విద్యపై గౌరవం ఉన్న కుటుంబం అది. బాలుని చదువు నిమిత్తం ఆ కుటుంబం యానాం చేరింది. అక్కడ కానుకుర్తి భుజంగరావు మొదలైన గురువుల వద్ద ఆయన భాషాభ్యాసం సాగించారు.

ఆనాటి చదువులో నిఘంటువు చేతి పుస్తకం కాదు, కంఠంలో నిలిచే విద్య. సంస్కృతం నేర్చే బాలుడు మొదట అమరకోశాన్ని వల్లె వేసేవాడు. అమరసింహుడు రచించిన ఆ కోశం మూడు కాండలుగా, సుమారు 1500 శ్లోకాలుగా ఉన్నది. అందులో పదాలు అకారాది క్రమంలో ఉండవు. విషయాన్ని బట్టి వర్గాలుగా ఉంటాయి. వారివర్గంలో సముద్రం, అల, తీరం, నావ, నావికుడు, చేప, తామర వంటి వాటి పేర్లు ఒకచోట చేరి ఉంటాయి. గౌతమీ తీరాన తిరిగే బాలునికి ఆ వర్గంలోని వస్తువులన్నీ ఎదుటనే కనిపిస్తాయి. కొత్త పదం తెలిసిన వస్తువుతో, తోటి పదాలతో, శ్లోకపు లయతో ముడిపడినప్పుడు సులభంగా మనసుకు పడుతుంది. అయితే పట్టుబడిన పదం నిలవాలంటే మరికొంత సాధన అవసరం. ఆ సాధనకు కోనసీమ శతాబ్దాలుగా నిలయం.

కోనసీమ అగ్రహారాలు వేదవిద్యకు ప్రసిద్ధి చెందినవి. అక్కడ గురువు వాక్యాన్ని పలికితే శిష్యులు స్వరంతో సహా దానిని తిరిగి పలుకుతారు. దీనికి సంత చెప్పుకోవడం అని పేరు. సంత ముగిసిన తరువాత శిష్యుడు తనంతట తాను చింతన చేయాలి. అనగా నేర్చినదానిని గ్రంథం చూడకుండా నెమరు వేయాలి. పిమ్మట గురువు ఎదుట అప్పజెప్పాలి. సంహిత వచ్చిన తరువాత పదం, క్రమం, జట, ఘన అనే పాఠాలు వరుసగా వస్తాయి. జటలో రెండు పదాలను ముందుకు, వెనుకకు, మరల ముందుకు కలిపి చెబుతారు. ఘనలో మూడవ పదం కూడా చేరి ఆ అల్లిక మరింత పెరుగుతుంది. ఒకే పదాన్ని ఇన్ని మార్గాలలో కలిపి పలకడం వల్ల అక్షరమైనా తప్పిపోయే అవకాశం ఉండదు. పాడ్యమి, అష్టమి, చతుర్దశి వంటి తిథులను అనధ్యయన దినాలుగా పాటించి, కొత్త పాఠానికి విరామం ఇచ్చే ఆచారం కూడా ఉన్నది. నేర్చుకోవడం, విడిచి ఉండడం, మరల తలచుకోవడం అనే మూడూ ఆ విద్యలో భాగాలు.

ఇట్టి వాతావరణంలో పెరిగిన వేంకటశాస్త్రిగారు చిన్న వయసులోనే పద్యాలు అల్లనారంభించారు. పదునెనిమిదేండ్ల ప్రాయంలో యానాంలోని వేంకటేశ్వరస్వామిపై శతకం చెప్పారు. దానిని విన్న పండితులు అందలి వ్యాకరణ దోషాలను ఎత్తిచూపారు. యువకవికి అది పెద్ద అవమానంగా తోచింది. అంతటితో కవిత్వాన్ని విడిచిపెట్టి ఉంటే ఆయన పేరు నేడు ఎవరికీ తెలిసేది కాదు. ఆయన దోషం చూపినవారిని దూషించలేదు. దోషానికి మూలమైన తన విద్యాలోపాన్ని తొలగించుకోవాలని నిశ్చయించుకున్నారు. కాశీకి వెళ్ళి వ్యాకరణం చదవాలని సంకల్పించారు. కాని ప్రయాణానికి ధనం లేదు. దానికి తోడు కంటిచూపు సమస్య కూడా ఆయనను బాధించేది. చదువే సర్వస్వమనుకున్న విద్యార్థికి అంతకు మించిన ఆటంకం మరొకటి లేదు.

కాశీ ప్రయాణం వెంటనే సాధ్యం కాకపోవడంతో ఆయన కడియెద్ద గ్రామంలో చర్ల బ్రహ్మయ్యశాస్త్రిగారి శిష్యులుగా చేరారు. పాణిని వ్యాకరణంలో సుమారు నాలుగు వేల సూత్రాలు ఉన్నాయి. వాటిలో చాలా సూత్రాలు కొద్ది మాటలలోనే ఉంటాయి. ఒక పద సిద్ధిని వివరించాలంటే వేర్వేరు చోట్ల ఉన్న పలు సూత్రాలను ఏకకాలంలో స్మరించాలి. పుటలు తిరగవేసి వెదకుతూ కూర్చుంటే వాదం ముందుకు సాగదు. అందువల్ల వ్యాకరణ విద్యార్థికి సూత్రాలు నాలుక చివర ఉండాలి. ప్రతి కొత్త పదాన్ని సాధించేటప్పుడు పాత సూత్రాలు తిరిగి తిరిగి పనికి వస్తాయి. ఆ విధంగా వినియోగమే ఆవృత్తి అవుతుంది. చూపు పూర్తిగా సహకరించని విద్యార్థికి, విని మనసులో నిలుపుకొనే ఈ పద్ధతి కొండంత అండ.

ఆ గురుకులంలోనే ఆయనకు దివాకర్ల తిరుపతిశాస్త్రిగారు సహాధ్యాయి అయ్యారు. తిరుపతిశాస్త్రిగారు 1872లో పశ్చిమ గోదావరి జిల్లా యండగండిలో జన్మించారు. ఇద్దరి మధ్య మొదట పాండిత్యపు పోటీ, అనంతరం విడదీయరాని స్నేహం ఏర్పడ్డాయి. శాస్త్రం చదివే ఇద్దరు మిత్రులు ఒకరినొకరు ప్రశ్నించుకోవడం, ఒకరు మరచినదానిని మరొకరు అందించడం గురుకులాలలో నిత్యకృత్యం. ఒంటరిగా చదివేటప్పుడు అంతా వచ్చినట్లే అనిపిస్తుంది. ఎదుటివాడు ప్రశ్న వేసినప్పుడే వచ్చినదెంత, రానిదెంత అన్న సంగతి తేలుతుంది.

వేంకటశాస్త్రిగారు కాశీయాత్రకు అవసరమైన ధనాన్ని తన విద్యతోనే సంపాదించుకున్నారు. నిడమర్రులో అష్టావధానం చేసి, అందిన సత్కారంతో కాశీకి బయలుదేరారు. అక్కడ నోరి సుబ్రహ్మణ్యశాస్త్రిగారి వద్ద వ్యాకరణం అభ్యసించారు. తిరిగివచ్చిన తరువాత మిత్రులిద్దరూ కలిసి కాకినాడలో తొలి శతావధానం చేశారు. నాటి నుండి తిరుపతి వేంకటకవులు అన్న జంట పేరు ఆంధ్రదేశమంతటా మారుమ్రోగింది.

అవధానం అంటే ఏకాగ్రత. అష్టావధానంలో ఎనమండుగురు పృచ్ఛకులు ఉంటారు. ఒకరు సమస్య ఇస్తారు; ఒకరు కొన్ని పదాలు ఇచ్చి వాటిని చేర్చి పద్యం చెప్పమంటారు; ఒకరు అక్షరాలను నిషేధిస్తూ పోతారు; మరొకరు అప్రస్తుత ప్రసంగంతో ఏకాగ్రతను భంగపరచాలని చూస్తారు. ఒకరు గంట కొడుతుంటే ఆ సంఖ్యను లెక్కించాలి. వ్యస్తాక్షరి అడిగేవారు ఒక వాక్యంలోని అక్షరాలను వరుస తప్పించి, ఏ అక్షరం ఎన్నవదో మాత్రం చెబుతూ అప్పుడప్పుడు అందిస్తారు. చివరకు ఆ వాక్యాన్ని పూర్తిగా కూర్చి చెప్పాలి.

శతావధానంలో పృచ్ఛకుల సంఖ్య నూరు. మొదటి పృచ్ఛకుడు విషయం చెప్పగానే అవధాని పద్యంలోని మొదటి పాదం మాత్రమే చెప్పి రెండవ పృచ్ఛకుని వద్దకు వెళతాడు. ఇట్లు నూరుగురికీ తొలి పాదాలు చెప్పిన తరువాత మరల మొదటివానికి రెండవ పాదం చెప్పాలి. ఒక పాదానికీ, తరువాతి పాదానికీ నడుమ తొంబదితొమ్మిది ఇతర పాదాలు ఉంటాయి. నాలుగు ఆవృత్తులు ముగిసేసరికి నాలుగు వందల పాదాలు పూర్తి అవుతాయి. అప్పుడు అవధాని ఏ లిఖిత సహాయమూ లేకుండా నూరు పద్యాలను వరుసగా చదవాలి. దీనినే ధారణ అంటారు. ఈ కార్యక్రమం ఒక పూటలో ముగియదు. సాధారణంగా కొన్ని దినాలు సాగుతుంది.

పైకి చూడగా ఈ నియమాలన్నీ అవధానిని ఇబ్బంది పెట్టడానికే ఏర్పడినట్లు కనిపిస్తాయి. నిశితంగా పరిశీలిస్తే ఈ నిర్మాణంలోనే ధారణకు తోడ్పడే రహస్యం ఉన్నదని బోధపడుతుంది. ప్రతి పద్యాన్నీ అవధాని ఒకేసారి చెప్పి విడిచిపెట్టడు. కొంత కాలం గడిచిన తరువాత, కొంత మరపు ఆవరించిన తరువాత, దాని వద్దకు మరల వస్తాడు. రెండవ పాదం చెప్పాలంటే మొదటి పాదాన్ని మనసులో వెలికి తీయక తప్పదు. మూడవ పాదానికి మొదటి రెండూ గుర్తుకు రావాలి. ఈ రీతిగా తుది ధారణకు ముందే ప్రతి పద్యమూ పలుమార్లు, విరామం తరువాత విరామంగా, స్మృతిలో నుండి పైకి వస్తుంది. తెలుగు పద్యపు కట్టుబాట్లు కూడా ఇందుకు సహకరిస్తాయి. వృత్తాల వంటి పద్యాలలో నాలుగు పాదాలలోనూ రెండవ అక్షరం ప్రాసగా ఒకే విధంగా ఉంటుంది. యతిస్థానంలో తొలి అక్షరానికి మైత్రి గల అక్షరం రావాలి. ఛందస్సు పాదం నిడివిని నిర్ణయిస్తుంది. మరచిన మాట ఎట్టిదై ఉండాలో ఈ గుర్తులే సూచిస్తాయి. జంటకవుల అవధానంలో ఒకరు ఒక పాదం చెబితే మరొకరు తరువాతి పాదం చెప్పేవారు. కనుక తాను చెప్పినదే కాక, మిత్రుడు చెప్పినదీ ఇరువురికీ మనసులో నిలిచి ఉండవలసినదే.

వేంకటశాస్త్రిగారు యానాంలో చదువుకొంటున్న కాలంలోనే పాశ్చాత్య దేశాలలో జ్ఞాపకశక్తిపై శాస్త్రీయ పరిశోధన మొదలయింది. జర్మనీకి చెందిన హెర్మన్ ఎబ్బింగ్‌హాస్ అర్థం లేని అక్షర సముదాయాలను తానే కంఠస్థం చేసి, ఎంత కాలానికి ఎంత మరచిపోతున్నాడో కొలిచి, 1885లో ఫలితాలను ప్రకటించాడు. నేర్చిన గంటలోనే సగానికి పైగా శ్రమ వృథా అవుతున్నదని, ఆ తరువాత మరపు వేగం క్రమంగా తగ్గుతున్నదని ఆయన గమనించాడు. ఒకే దినాన 68 సార్లు వల్లించడం వల్ల కలిగిన ఫలితమే, మూడు దినాలకు పంచి 38 సార్లు వల్లించినప్పుడు కూడా కలిగినదని తేల్చాడు. 2006లో అమెరికాకు చెందిన హెన్రీ రోడిగర్, జెఫ్రీ కార్పికీ అనే శాస్త్రవేత్తలు కళాశాల విద్యార్థులపై మరొక ప్రయోగం ప్రకటించారు. ఒక పాఠాన్ని రెండుసార్లు చదివిన విద్యార్థులకు వారం తరువాత అందులో 42 శాతం గుర్తుండగా, ఒకసారి చదివి, రెండవసారి పుస్తకం చూడకుండా జ్ఞప్తికి తెచ్చుకొని రాసినవారికి 56 శాతం గుర్తున్నది. అయిదు నిమిషాల తరువాత పరీక్షించినప్పుడు మాత్రం తిరిగి చదివినవారే ముందున్నారు. తిరిగి చదవడం తాత్కాలికమైన ధీమాను ఇస్తుంది. జ్ఞప్తికి తెచ్చుకోవడం శాశ్వతమైన విద్యను ఇస్తుంది. సంత, చింతన, అప్పజెప్పడం అనే మాటలలో మన గురుకులాలు ఆచరించినది ఇదే మార్గం.

జంటకవులు గద్వాల, వనపర్తి, ఆత్మకూరు, వేంకటగిరి, విజయనగరం, పిఠాపురం వంటి సంస్థానాలను సందర్శించి సన్మానాలు పొందారు. ఆ అనుభవాలు నానారాజసందర్శనం అనే గ్రంథంగా రూపొందాయి. అవధానాలలో చెప్పిన పద్యాలు శతావధానసారం అనే పేర వెలువడ్డాయి. దేవీభాగవతం, బుద్ధచరిత్రం, శ్రవణానందం మొదలైన కావ్యాలు వారి కీర్తిని పెంచాయి. వీటన్నిటి కంటె జనంలోకి చొచ్చుకొనిపోయినవి పాండవోద్యోగ విజయాలు అనే నాటకాలు. వాటిలోని పద్యాలు అక్షరజ్ఞానం లేనివారి నోట సైతం పలికాయి. ఒక ఊరి ఉత్సవంలో విన్న పద్యాన్ని పొలం గట్టున పాడుకొని, మరచిన చరణాన్ని తరువాతి ప్రదర్శనలో తిరిగి పట్టుకొని, ఆ పల్లీయులు దానిని సొంతం చేసుకున్నారు. పుస్తకం పట్టని చేతులకు కూడా విద్యను అందించగల శక్తి ఈ సాధనకు ఉన్నదని ఆ ప్రేక్షకులే నిరూపించారు.

వేంకటశాస్త్రిగారు బందరులోని హిందూ ఉన్నత పాఠశాలలో తెలుగు పండితులుగా పనిచేశారు. తరువాతి కాలంలో తెలుగు సాహిత్యానికి తొలి జ్ఞానపీఠ పురస్కారం తెచ్చిన విశ్వనాథ సత్యనారాయణ, పింగళి లక్ష్మీకాంతం, కాటూరి వేంకటేశ్వరరావు, వేలూరి శివరామశాస్త్రి వంటి ప్రముఖులు ఆయన శిష్యులు. దోషం చూపిన పండితుల ఎదుట ఒకనాడు తలవంచిన యువకుడు, ఒక తరానికి భాషను దిద్దిన గురువుగా నిలిచారు.

కొంతకాలానికి తిరుపతిశాస్త్రిగారు మరణించారు. ప్రతి రెండవ పాదాన్నీ అందుకున్న గొంతు మూగవోయింది. వేంకటశాస్త్రిగారు అటుపిమ్మట మూడు దశాబ్దాలు జీవించారు. ఆ కాలంలో తాను ఒంటరిగా రచించిన గ్రంథాలను కూడా జంట పేరుతోనే ప్రకటించారు. మిత్రుని స్మరణ ఆయనకు ఏటికొక్కసారి జరిపే లాంఛనం కాదు. కలం పట్టిన ప్రతిసారీ జరిగిన ఆవృత్తి. వార్ధక్యంలో ఆయన రాసిన వ్యాసాలు కథలు గాథలు అనే పేరుతో ప్రసిద్ధి పొందాయి. అర్ధశతాబ్దం నాటి గురువులు, సభలు, వాదాలు, ప్రయాణాలు వాటిలో సజీవంగా కనిపిస్తాయి. ఒక సంగతి చెబుతూ మరొక సంగతిలోకి వెళ్ళి, తిరిగి మొదటి సంగతిని అందుకొనే ఆ రచనలో శతావధాని నడకే గోచరిస్తుంది.

1949లో మద్రాసు ప్రభుత్వం ఆయనను ఆస్థానకవిగా గౌరవించింది. 1950 ఫిబ్రవరి 15వ తేదీన, మహాశివరాత్రి పర్వదినాన ఆయన పరమపదించారు.

వేంకటశాస్త్రిగారి ప్రతిభ అసాధారణమైనది. అంతటి కవిత్వం అందరికీ అబ్బదు. కాని ఆయన ఎదిగిన విద్యామార్గం అందరిదీ. పరీక్ష ముందు రాత్రి నూరు పదాల అర్థాలను పలుమార్లు చదివిన విద్యార్థి వాటిలో అధిక భాగాన్ని త్వరలోనే కోల్పోతాడు. దినానికి పది పదాలు చదివి, పుస్తకం మూసి, వాటిని తలచుకొని, మరునాడు, మూడవనాడు, వారానికి, నెలకు తిరిగి ప్రశ్నించుకొన్నవానికి అవే పదాలు జీవితకాలపు ఆస్తి అవుతాయి. నడుమ కొంత మరపు కలిగినా దిగులు పడనవసరం లేదు. మరచినదానిని వెదకి పట్టుకొనే ప్రయత్నంలోనే స్మృతి గట్టిపడుతుంది. తప్పు బయటపడుతుందేమో అన్న భయంతో అప్పజెప్పకుండా తప్పించుకొనేవాడు తన తప్పును తన వద్దనే దాచుకొంటాడు. యానాంలో పదిమందిలో బయటపడిన తప్పే చెళ్ళపిళ్ళవారిని కడియెద్దకు, కాశీకి, శతావధాన వేదికకు నడిపించింది.

కఠిన పదాలు – అర్థాలు

ధురీణుడు = భారం వహించగలవాడు, సమర్థుడు
ధారణ = మనసులో నిలుపుకొనడం; అవధానాంతంలో పద్యాలను తిరిగి చదవడం
పృచ్ఛకుడు = ప్రశ్నించేవాడు
ఆవృత్తి = తిరిగి తిరిగి చేయడం
చింతన = నేర్చినదానిని నెమరువేయడం
వ్యస్తం = చెదరినది, వరుస తప్పినది
అనధ్యయనం = పాఠం చదవని దినం
వార్ధక్యం = ముసలితనం

అభ్యాసం

అ) వ్యాసరూప సమాధాన ప్రశ్నలు
1. శతావధాన నిర్మాణం ధారణకు ఏ విధంగా తోడ్పడుతుందో వివరించండి.
2. చెళ్ళపిళ్ళ వేంకటశాస్త్రిగారి విద్యాభ్యాసంలో ఎదురైన ఆటంకాలను, ఆయన వాటిని అధిగమించిన తీరును రాయండి.

ఆ) సంక్షిప్త సమాధాన ప్రశ్నలు
1. అమరకోశంలో పదాల అమరిక ఎట్లు ఉంటుంది?
2. సంత, చింతన, అప్పజెప్పడం అనే మాటలను వివరించండి.
3. ఎబ్బింగ్‌హాస్ పరిశోధనలో తేలిన అంశాలేవి?

ఇ) ఏకవాక్య సమాధాన ప్రశ్నలు
1. తిరుపతి వేంకటకవుల తొలి శతావధానం ఎక్కడ జరిగింది?
2. వేంకటశాస్త్రిగారు కడియెద్దలో ఎవరి వద్ద చదివారు?
3. ప్రాస అంటే పాదంలో ఎన్నవ అక్షరం?

ఈ) భాషాకృత్యం
ఈ పాఠంలో కొత్తగా తోచిన పది పదాలను ఎన్నుకొని అర్థాలు నేర్చుకోండి. పుస్తకం మూసి వాటిని రాయండి. మరునాడు, మూడవనాడు, వారం తరువాత మరల చూడకుండా రాసి, ప్రతిసారీ గుర్తున్న పదాల సంఖ్యను పట్టికగా నమోదు చేయండి.